ఇంజనీరింగ్‌లో పార్ట్‌టైమ్, ప్రత్యేక పీజీ చదువులు

బీటెక్ పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన ఇంజనీరు ఆ ఉద్యోగం వదలకుండా చేసే ఎంటెక్, ఎంఈ, పీహెచ్‌డీ చదువులను పార్ట్‌టైమ్ పీజీ అంటారు. ఒక పరిశ్రమ కోసమో, ఒక ప్రభుత్వ శాఖ కోసమో, ఒక ఇరుకైన సాంకేతిక రంగం కోసమో విడిగా రూపొందించిన ఎంటెక్‌లు ప్రత్యేక పీజీ చదువులు. చెప్పుకోవడానికి ఇవి రెండు వర్గాలు కానీ, ఆచరణలో చాలాచోట్ల కలిసిపోతాయి. అణుశక్తి శాఖ తన ఇంజనీర్లతో చేయించే ఎంటెక్‌ను, నిర్మాణ సంస్థ ఫీజు కట్టి చదివించే ఎంటెక్‌ను ఏ ఒక్క గాటన కట్టలేం. ఈ వ్యాసం భారతదేశంలోని ఏర్పాట్లను, వాటిలోనూ హైదరాబాద్ చుట్టూ పెరిగినవాటిని ప్రధానంగా పరిచయం చేస్తుంది.

పార్ట్‌టైమ్ ఎంటెక్‌ను రెగ్యులర్ ఎంటెక్‌కు నాసిరకం నకలుగా చూడటం మన దగ్గర పాతుకుపోయిన అలవాటు. అందులో సగమే నిజం. ల్యాబ్‌లో గడిపే సమయం, తోటి విద్యార్థులతో వాదనలు, లైబ్రరీలో తీరుబడి ఇవన్నీ పార్ట్‌టైమ్ విద్యార్థికి తక్కువే. కానీ ప్రాజెక్టు దగ్గరికి వచ్చేసరికి ఆ విద్యార్థి చేతిలో నడుస్తున్న యంత్రం ఉంటుంది, ఏళ్ల రికార్డులుంటాయి, పరిష్కారం కోసం ఎదురుచూస్తున్న సమస్య ఉంటుంది. హాస్టల్‌లో ఉండి చదివేవారికి ఇవి దొరకవు. ఈ బలాన్ని ఒక కోర్సు ఎంత వాడుకుంటుందో చూస్తే దాని నాణ్యత తెలిసిపోతుంది.

నేపథ్యం

పని చేస్తూ ఇంజనీరింగ్ చదవడం మన దేశానికి కొత్త కాదు. 1920లో ఏర్పడి, 1935లో రాయల్ చార్టర్ పొందిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ (ఇండియా) దశాబ్దాలపాటు ఏఎంఐఈ పరీక్ష నిర్వహించింది. డిప్లొమాతో వర్క్‌షాపుల్లో, రైల్వేల్లో, విద్యుత్ బోర్డుల్లో చేరినవారు సెక్షన్ ఏ, సెక్షన్ బీ పేపర్లు ఒక్కొక్కటే పాసవుతూ బీఈతో సమానమైన అర్హత సంపాదించేవారు. అది పీజీ కాదు. అయినా ఎంటెక్ ప్రవేశపరీక్ష గేట్ రాయడానికి, ఎంటెక్‌లో చేరడానికి వేలమందికి దారి చూపింది అదే. 2013 మే 31 వరకు నమోదైనవారికి మాత్రమే ప్రభుత్వం ఆ సమానార్హతను కొనసాగించింది. తరవాత ఆ దారి మూతపడినట్టే అయింది. సొంతంగా చదువుకుని పైకొచ్చే శ్రామిక ఇంజనీరుకు అది తీరని లోటు.

ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠాలు చెప్పేవారికోసం కేంద్రప్రభుత్వం 1970లో క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. అందరూ దాన్ని క్యూఐపీ అనే పిలుస్తారు. కాలేజీ లెక్చరర్‌ను పంపిస్తుంది, ఐఐటీ లాంటి సంస్థ చేర్చుకుంటుంది, ఎంటెక్ లేదా పీహెచ్‌డీ ముగించుకుని ఆ లెక్చరర్ తిరిగి తన కాలేజీకే వస్తారు. బీఈ, ఎంఈల్లో ఒకదాంట్లోనైనా ఫస్ట్ క్లాస్ ఉండాలన్న నిబంధన అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి వచ్చాక, ఎంటెక్ లేకుండా బోధనలో నిలదొక్కుకోవడం కష్టమైంది. 1990ల తరవాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ కాలేజీలు విపరీతంగా పెరిగాయి. వాటిలో చేరిన యువ లెక్చరర్లు పార్ట్‌టైమ్ ఎంటెక్ సీట్ల కోసం పోటీపడటానికి కారణం ఇదే.

సాయంత్రపు తరగతులు

హైదరాబాద్‌కు సాయంత్రపు ఎంటెక్ రావడం వెనక ఆ ఊరి పరిశ్రమల చరిత్ర ఉంది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1967లో ఈసీఐఎల్, 1970లో భారత్ డైనమిక్స్, 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, వీటికి తోడు రక్షణ పరిశోధన సంస్థ ల్యాబ్‌లు, బాలానగర్ పారిశ్రామికవాడ వచ్చాయి. ఒకే నగరంలో ఇంతమంది ఇంజనీర్లు పోగయ్యారు. వాళ్లలో చాలామంది బీఈతో చేరినవారే. ప్రమోషన్‌కు ఎంటెక్ కలిసొచ్చేది, డిజైన్ విభాగంలోకి మారాలంటే అది దాదాపు తప్పనిసరి.

1929లో మొదలైన ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ ఉద్యోగుల కోసం సీఈఈపీ పేరుతో సాయంత్రపు కోర్సులు నడుపుతుంది. ఇక్కడ ఇచ్చే డిగ్రీ చాలా శాఖల్లో ఎంఈ. 1972లో ఏర్పడిన జేఎన్‌టీయూ, 2008లో నాలుగుగా విడిపోయాక కూడా, కూకట్‌పల్లి క్యాంపస్‌లో పీటీపీజీ పేరుతో పార్ట్‌టైమ్ ఎంటెక్ కొనసాగించింది. రెగ్యులర్ ఎంటెక్ రెండేళ్లలో నాలుగు సెమిస్టర్లయితే, పార్ట్‌టైమ్ ఎంటెక్ సాధారణంగా మూడేళ్లలో ఆరు సెమిస్టర్లు. మొత్తం సిలబస్‌లో తేడా ఉండదు, ఒక్కో సెమిస్టర్‌లో చదవాల్సిన పేపర్లు తగ్గుతాయి.

ఈ తరగతుల స్వభావం పగటి తరగతికి భిన్నంగా ఉంటుంది. పటాన్‌చెరు నుంచో, చర్లపల్లి నుంచో షిఫ్ట్ దిగి వచ్చిన మనిషి ఆరింటికి బెంచీమీద కూర్చుంటాడు. పక్కన నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీరు, ఆమె పక్కన ఒక ప్రైవేటు కాలేజీ లెక్చరర్. కాంక్రీటు మిక్స్ డిజైన్ పాఠం నడుస్తుంటే, ఐఎస్ కోడ్‌లో ఉన్న విలువకూ సైట్‌లో తాము చూసే విలువకూ మధ్య తేడా గురించి వెనక బెంచీ నుంచి ప్రశ్న వస్తుంది. అధ్యాపకుడు సిద్ధపడి రాని ప్రశ్న అది. మంచి అధ్యాపకులు ఇలాంటి తరగతిని ఇష్టపడటానికి కారణం ఇదే. షిఫ్ట్ మారినప్పుడు, మార్చి నెలాఖరు బిల్లులు ముంచుకొచ్చినప్పుడు హాజరు పడిపోవడం కూడా అంతే మామూలు. హాజరు శాతం విషయంలో యూనివర్సిటీలు పట్టుబట్టడం వల్లే ఈ కోర్సులకు విలువ నిలిచింది. కష్టమైనా ఆ పట్టుదల సడలకూడదు.

కంపెనీ గడపలోకి వచ్చిన యూనివర్సిటీ

ఉద్యోగి కాలేజీకి వెళ్లడం ఒక పద్ధతి అయితే, చదువే ఉద్యోగి దగ్గరికి రావడం రెండోది. దీనికి దేశంలో బాట వేసింది బిట్స్ పిలానీ. 1964లో డీమ్డ్ యూనివర్సిటీ అయిన ఈ సంస్థ 1973లో ప్రాక్టీస్ స్కూల్ పద్ధతి తెచ్చి విద్యార్థులను ఫ్యాక్టరీలకు పంపింది. 1979లో దాన్ని తిప్పి చూసింది. ఫ్యాక్టరీలో ఉన్నవారినే విద్యార్థులుగా చేర్చుకుంది. ఆ కార్యక్రమమే ఇప్పుడు విల్ప్ అనే పొట్టి పేరుతో తెలిసిన వర్క్ ఇంటిగ్రేటెడ్ లెర్నింగ్ ప్రోగ్రామ్స్. చేరాలంటే ఉద్యోగంలో ఉండి తీరాలి, యాజమాన్యం సమ్మతి పత్రం ఇవ్వాలి, పనిచేసే చోట ఒక మెంటార్ ఉండాలి. తరగతులు ఎక్కువగా శని, ఆదివారాల్లో ఆన్‌లైన్‌లో జరుగుతాయి. ఎంటెక్ నాలుగు సెమిస్టర్లలో చివరిది డిజర్టేషన్‌కు వదిలేస్తారు. ఆ డిజర్టేషన్ విషయం ఉద్యోగంలోంచే రావాలన్నది ఈ ఏర్పాటులోని అసలు గుట్టు.

ఈ నమూనాను సాఫ్ట్‌వేర్ పరిశ్రమ తొందరగా అందిపుచ్చుకుంది. 1995లో విప్రో, బిట్స్ కలిసి బీఎస్సీ చదివినవారిని ఉద్యోగంలోకి తీసుకుని, జీతం ఇస్తూ ఎంఎస్ చేయించే కార్యక్రమం ప్రారంభించాయి. మ్యాథ్స్, ఫిజిక్స్‌తో డిగ్రీ చేసి ఎంసీఏకు డబ్బులేక ఆగిపోయిన పిల్లలకు అది ఇంజనీరింగ్ ప్రపంచంలోకి వెనక తలుపు కాదు, ముందు తలుపే. జిల్లా కేంద్రాల్లోని డిగ్రీ కాలేజీల క్యాంపస్ ఇంటర్వ్యూలకు కంపెనీలు రావడం అప్పట్లో అరుదు. అలా వచ్చినప్పుడు ఊరంతా చెప్పుకునేవారు.

నిర్మాణ రంగంలో ఎల్ అండ్ టీ వేరే తోవ పట్టింది. బిల్డ్ ఇండియా స్కాలర్‌షిప్ పేరుతో 1998 నుంచి సివిల్, ఎలక్ట్రికల్ పట్టభద్రులను ఎంపికచేసి కన్‌స్ట్రక్షన్ టెక్నాలజీ అండ్ మేనేజ్‌మెంట్‌లో ఎంటెక్ చేయిస్తుంది. మద్రాస్, ఢిల్లీ ఐఐటీలు, సూరత్కల్, తిరుచిరాపల్లి ఎన్‌ఐటీలు ఇందులో భాగస్వాములు. ఇది పూర్తికాలపు చదువే. ఫీజు కంపెనీ భరిస్తుంది, నెలనెలా స్టైపెండ్ ఇస్తుంది, చదువు ముగిశాక కొన్నేళ్లు సంస్థలో పనిచేయాలన్న ఒప్పందం ఉంటుంది.

ఐఐటీలు, ఐఐఎస్సీ, ట్రిపుల్ ఐటీ

బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎక్స్‌టర్నల్ రిజిస్ట్రేషన్ ప్రోగ్రామ్ చాలాకాలంగా ఉంది. పరిశోధన సదుపాయాలున్న సంస్థలో పనిచేసేవారే దీనికి అర్హులు. అభ్యర్థికి ఇద్దరు గైడ్లు ఉంటారు, ఒకరు ఇన్‌స్టిట్యూట్ నుంచి, ఇంకొకరు తాను పనిచేసే సంస్థ నుంచి. కోర్సువర్క్ కోసం కొంతకాలం క్యాంపస్‌లో ఉండి, ఆ తరవాత తన ల్యాబ్‌లోనే పరిశోధన సాగిస్తారు. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, డీఎంఆర్‌ఎల్ లాంటి రక్షణ పరిశోధన ల్యాబ్‌ల శాస్త్రవేత్తలకు ఈ పద్ధతి అతికినట్టు సరిపోతుంది. క్షిపణుల లోహాల మీద, నియంత్రణ వ్యవస్థల మీద చేసే పరిశోధనకు పరికరాలు ఆ ల్యాబ్‌ల్లోనే ఉంటాయి మరి.

2008లో ఏర్పడి, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ డేటా సైన్స్‌లో ఎగ్జిక్యూటివ్ ఎంటెక్‌తో ఈ రంగంలో అడుగుపెట్టి, తరవాత మరికొన్ని శాఖలకు విస్తరించింది. ఐఐటీ కాన్పూర్ 2022లో ఈమాస్టర్స్ డిగ్రీలు మొదలుపెట్టింది. వీటికి గేట్ స్కోరు అడగరు. ఇక్కడ చేరేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈమాస్టర్స్ అన్నది ఎంటెక్ కాదు, విడి డిగ్రీ. ఆ క్రెడిట్లను తరవాత ఎంటెక్‌కో పీహెచ్‌డీకో బదలాయించుకునే వీలు కల్పించారు. కంపెనీలో ఎదగడానికి ఈ తేడా పెద్దగా అడ్డు రాకపోవచ్చు. లెక్చరర్ ఉద్యోగానికో, ప్రభుత్వ నోటిఫికేషన్‌కో దరఖాస్తు చేసేటప్పుడు మాత్రం డిగ్రీ పేరు అక్షరం పొల్లుపోకుండా చూస్తారు.

1998లో గచ్చిబౌలిలో వెలసిన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌ది ఇంకో దారి. పీజీఎస్‌ఎస్‌పీ అనే ఏర్పాటు కింద ఉద్యోగులు డిగ్రీలో చేరకుండానే, సెమిస్టర్‌కు ఒకటి రెండు కోర్సులు రెగ్యులర్ విద్యార్థుల పక్కనే కూర్చుని చదవవచ్చు. అలా కూడబెట్టిన క్రెడిట్లు తరవాత డిగ్రీకి పనికొస్తాయి. తనకు చదువు సాగుతుందో లేదో తెలియని ఉద్యోగికి ఇంతకన్నా నిజాయితీ గల ప్రవేశద్వారం నాకు తెలిసి మరొకటి లేదు. మూడేళ్ల ఫీజుకు, మూడేళ్ల కాలానికి ముందే కట్టుబడిపోకుండా, ఒక్క సెమిస్టర్‌తో తన సత్తా, తన ఇంటి పరిస్థితి రెండూ పరీక్షించుకోవచ్చు.

ఒక్క రంగానికే పుట్టిన ఎంటెక్‌లు

ప్రత్యేక పీజీలకు మన దేశంలో అన్నిటికన్నా గట్టి నమూనా అణుశక్తి శాఖది. 1957లో మొదలైన భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) ట్రైనింగ్ స్కూల్ ఇంజనీరింగ్, సైన్స్ పట్టభద్రులను ఎంపికచేసి ఏడాదిపాటు కఠినమైన శిక్షణ ఇస్తుంది. ఆ ఏడాది తరగతులు, వారంవారం పరీక్షలు ఇప్పటికీ పేరు మోసినవే. 2005లో హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడ్డాక ఆ ఏడాది శిక్షణనే కోర్సువర్క్‌గా లెక్కించి, దానిపై మరో ఏడాది ప్రాజెక్టు చేసినవారికి ఎంటెక్ ఇచ్చే వీలు కలిగింది. రియాక్టర్ భౌతికశాస్త్రం, వికిరణ రక్షణ, అణు ఇంధన తయారీ మామూలు ఎంటెక్ సిలబస్‌లో అంచుల్లో తప్ప కనబడవు. అక్కడ అవే నడిమధ్య.

డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ 1966లో ఏరియల్ ఫొటోలు చదవడం నేర్పే సంస్థగా మొదలై ఇప్పుడు ఇస్రో గొడుగు కింద ఉంది. రిమోట్ సెన్సింగ్, జీఐఎస్‌లో అది నడిపే ఎంటెక్‌కు డిగ్రీ ఇచ్చేది విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం. హిమాలయాల పాదాల దగ్గర చదువు, బంగాళాఖాతం ఒడ్డు నుంచి పట్టా. నీటిపారుదల, అటవీ, భూగర్భ జల శాఖల ఇంజనీర్లు, అధికారులు తమ శాఖల తరఫున ఇక్కడికి వస్తారు. ఉపగ్రహ చిత్రం నుంచి ఆయకట్టు లెక్క తీయడం, చెరువు పూడిక అంచనా వేయడం నేర్చుకుని వెనక్కి వెళ్లి దాన్నే పనిలో పెడతారు.

హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను 1968లో అంతర్జాతీయ సహాయంతో నెలకొల్పారు. డై, మౌల్డ్, జిగ్, ఫిక్చర్ల డిజైన్ అంటే దేశంలో చాలామందికి గుర్తొచ్చే పేరు ఇది. స్థానిక విశ్వవిద్యాలయాల అనుబంధంతో టూల్ డిజైన్, మెకట్రానిక్స్‌లలో పీజీ కోర్సులు నడిపింది. ఇక్కడి విద్యార్థి డ్రాయింగ్ గీయడంతో సరిపెట్టలేడు. తాను గీసిన పనిముట్టు టూల్ రూమ్‌లో తయారై, ప్రెస్ కింద మొదటి ముక్క దిగేదాకా వెంట ఉండాలి. పుణేలోని డిఫెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ రక్షణ శాస్త్రవేత్తలకు, సైనికాధికారులకు అలాంటిదే. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లోని కంప్యూటర్ ఎయిడెడ్ స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ ఎంటెక్ రెండు శాఖల సరిహద్దులో పుట్టింది. భూకంపాలకు భవనం ఎలా స్పందిస్తుందో చదివే సివిల్ ఇంజనీర్లకు ప్రోగ్రామింగ్‌ను కూడా గట్టిగా నేర్పుతుంది.

ఇరుకు రంగం ఎంచుకోవడంలో ప్రమాదం లేకపోలేదు. ఆ రంగంలో నియామకాలు ఆగిపోతే డిగ్రీకి గిరాకీ తగ్గుతుంది. ఆ రంగంలోనే ఉద్యోగం ఉన్నవారికి ఈ బెడద తక్కువ. అందుకే ప్రత్యేక ఎంటెక్‌లు కొత్త పట్టభద్రులకన్నా నాలుగైదేళ్ల అనుభవం ఉన్నవారికే ఎక్కువ కలిసొస్తాయని నా అభిప్రాయం.

ప్రాజెక్టు

ఈ చదువులకు ప్రాణం ప్రాజెక్టులో ఉంది కనుక ఒకదాన్ని దగ్గరగా చూడాలి. థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ మెయింటెనెన్స్ చూసే ఇంజనీరు పార్ట్‌టైమ్ ఎంటెక్ చేస్తున్నారనుకుందాం. వాళ్ల యూనిట్ పదేపదే ఆగిపోవడానికి ట్యూబ్ లీకేజీలు ఒక ముఖ్య కారణం. మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. ఆ బూడిద రేణువులు పొగ వాయువుతో కలిసి దూసుకుపోతూ ఎకనమైజర్ గొట్టాలను అరగదీస్తాయి. వాయువు వేగం కొంచెం పెరిగితే అరుగుదల దానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. గొట్టాల వంపులకూ గోడకూ మధ్య మిగిలే సందులో వాయువుకు అడ్డు తక్కువ. అందుకని అక్కడ వేగం పెరిగి, ఆ వంపులే ముందు పలచబడతాయి.

ప్రతి ఓవర్‌హాల్‌లో అల్ట్రాసోనిక్ పరికరంతో గొట్టాల మందం కొలిచి రిజిస్టర్లో రాస్తారు. చాలా కేంద్రాల్లో ఆ రిజిస్టర్ బీరువాలోకి వెళ్లి అక్కడే ఉండిపోతుంది. విద్యార్థి చేసే మొదటి పని దాన్ని బయటికి తీయడం. కొన్నేళ్ల కొలతలను వరసల వారీగా పటం మీద గుర్తించి, ఏ మూలలో ఏడాదికి ఎంత అరుగుతోందో లెక్కవేస్తారు. యూనివర్సిటీ గైడ్ సాయంతో వాయుప్రవాహాన్ని కంప్యూటర్లో నమూనాగా కడతారు. ఏ చోట అడ్డుపలక పెడితే ప్రవాహం సమంగా పంచుకుంటుందో అంచనా వేస్తారు. తరవాతి ఓవర్‌హాల్‌లో పలక బిగించి, మళ్లీ కొలుస్తారు. ఇందులో కొత్త సిద్ధాంతం ఏమీ లేకపోవచ్చు. కానీ ఒక కేంద్రంలో, ఒక బాయిలర్లో, ఇదీ అరుగుదల తీరు అని రుజువుతో చెప్పగలిగిన పత్రం అది. క్యాంపస్‌లో కూర్చున్న విద్యార్థికి ఆ రిజిస్టర్ కంటబడే అవకాశమే లేదు.

ఇదే ప్రాజెక్టు చెడిపోయే దారులూ ఉన్నాయి. కంపెనీ తన డేటా బయటికి ఇవ్వనంటుంది, అనుమతి చేతికొచ్చేసరికి సెమిస్టర్ అయిపోతుంది. మధ్యలో బదిలీ అయితే యంత్రం ఒక ఊళ్లో, మనిషి ఇంకో ఊళ్లో. యూనివర్సిటీ గైడ్ ఒక్కసారైనా ప్లాంటుకు వచ్చి చూడకపోతే థీసిస్ కాస్తా మెయింటెనెన్స్ రిపోర్టుగా మిగిలిపోతుంది, వైవాలో ప్రశ్నలూ ఆ స్థాయిలోనే ఉంటాయి. డేటా అనుమతిని విషయం ఖరారు చేసుకునే ముందే రాతపూర్వకంగా తెచ్చుకోవడం, కంపెనీ పేరు, యూనిట్ నంబర్లు బయటపడకుండా రాసే పద్ధతి మీద గైడ్‌తో ముందే మాట్లాడుకోవడం అనుభవజ్ఞులు చెప్పే జాగ్రత్తలు.

గుర్తింపు

ఈ రంగంలో అమాయకులు ఎక్కువ నష్టపోయింది గుర్తింపు విషయంలో. పార్ట్‌టైమ్ అంటే తరగతికి వెళ్లి చదివేది. దూరవిద్య అంటే పుస్తకాలు ఇంటికి తెప్పించుకుని చదివేది. ఇంజనీరింగ్‌లో మొదటిది చెల్లుతుంది, రెండోది చెల్లదు. ప్రకటనలు ఈ రెండింటి మధ్య గీతను చెరిపేశాయి.

2017 నవంబర్ 3న సుప్రీంకోర్టు ఒడిశా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్ కేసులో ఇచ్చిన తీర్పు దీన్ని తేల్చింది. నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల వ్యవహారం అది. 2001 నుంచి 2005 వరకు చేరినవారి డిగ్రీలను కోర్టు తాత్కాలికంగా నిలిపివేసి, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతేనే చెల్లుతాయంది. ఆ తరవాత చేరినవారి డిగ్రీలను రద్దుచేసి, ఫీజులు తిరిగి ఇవ్వమంది. ఆ డిగ్రీతో ప్రమోషన్ పొందినవారు, దానిమీద ఎంటెక్ చేసినవారు ఉన్నారు. పదేళ్ల కిందట రాసిన పరీక్షలు, కట్టిన ఫీజులు, సంపాదించిన హోదా ఒక్క రోజులో ప్రశ్నార్థకమయ్యాయి. తప్పు చేసింది సంస్థలు, మూల్యం ఎక్కువగా చెల్లించింది ఉద్యోగులు. ఆ సంస్థలను ఏళ్లపాటు చూస్తూ ఊరుకున్న నియంత్రణ వ్యవస్థ బాధ్యత కూడా చిన్నది కాదు.

ఇప్పటి నియమాల ప్రకారం దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో ఇంజనీరింగ్ డిగ్రీలు ఇవ్వడాన్ని విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ 2020 నిబంధనలు అనుమతించవు. మరి ఐఐటీలు ఆన్‌లైన్‌లో ఎంటెక్ ఎలా ఇస్తున్నాయన్న అనుమానం సహజం. ఐఐటీలు 1961 నాటి ప్రత్యేక చట్టం కింద నడిచే జాతీయ ప్రాముఖ్యం గల సంస్థలు. వాటి డిగ్రీల తీరుతెన్నులు నిర్ణయించేది వాటి సెనేట్లే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల సంగతి వేరు. కొత్త సాంకేతిక కోర్సు పెట్టడానికి వాటికి ఏఐసీటీఈ ముందస్తు అనుమతి అక్కర్లేదని 2001లో భారతీదాసన్ విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమాణాలు మాత్రం పాటించి తీరాలి. అనుబంధ ప్రైవేటు కాలేజీలకు ఏఐసీటీఈ అనుమతి తప్పనిసరి. ఉద్యోగుల కోసం విడిగా సాయంత్రపు బ్యాచీలు నడపాలన్నా కాలేజీలు ఆ అనుమతి తెచ్చుకోవాలి.

కాబట్టి సీటు తీసుకునే ముందు కోర్సు పేరు, నడిపే పద్ధతి, ఆ ఏడాది అనుమతి పత్రం మూడూ విడివిడిగా చూడాలి. ఒక కాలేజీకి రెగ్యులర్ ఎంటెక్‌కు అనుమతి ఉన్నంత మాత్రాన పార్ట్‌టైమ్‌కు ఉన్నట్టు కాదు. ప్రభుత్వోద్యోగులు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. అనుమతి లేకుండా చదివిన డిగ్రీని సర్వీసు రికార్డులో ఎక్కించుకోవడానికి తరవాత ఏళ్లూపూళ్లూ తిరగాల్సి వస్తుంది.

ప్రవేశం, ఖర్చు

పూర్తికాల ఎంటెక్‌కు ప్రధాన ద్వారం గేట్. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. గేట్‌తో రెగ్యులర్ ఎంటెక్‌లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో గేట్ లేనివారికి పీజీఈసెట్ ఉంది. పార్ట్‌టైమ్ సీట్లకు యూనివర్సిటీలు విడిగా నోటిఫికేషన్లు ఇస్తాయి, అనుభవ ధ్రువపత్రం, యాజమాన్యం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) అడుగుతాయి. పార్ట్‌టైమ్ విద్యార్థికి స్టైపెండ్ ఉండదు, జీతం ఉంటుంది. కొన్ని ప్రభుత్వరంగ సంస్థలు ఫీజు తిరిగి ఇస్తాయి, బదులుగా బాండ్ రాయించుకుంటాయి. బాండ్‌లో రాసిన ఏళ్లు, మధ్యలో మానేస్తే కట్టాల్సిన సొమ్ము సంతకానికి ముందే చదవాలి.

తరగతిలో ధైర్యంగా కూర్చోవడానికి ఇప్పుడొక కొత్త ఆసరా ఉంది. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం. బీటెక్ వదిలి పదేళ్లయినవారు ఇంజనీరింగ్ మ్యాథమేటిక్స్ మరిచిపోవడం సహజం. ఎంటెక్‌లో చేరే ముందు ఆరునెలలు ఆ పాఠాలు విన్నవారికి మొదటి సెమిస్టర్ కొండంత కష్టంగా అనిపించదు.

పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ

2022 నవంబర్‌లో వచ్చిన యూజీసీ నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని స్పష్టంగా అనుమతించాయి. యాజమాన్యం ఇచ్చే ఎన్‌ఓసీలో మూడు మాటలు ఉండాలి: పార్ట్‌టైమ్ చదువుకు అనుమతిస్తున్నట్టు, పరిశోధనకు సమయం దొరికే ఉద్యోగమే అన్నట్టు, అవసరమైతే కోర్సువర్క్ కోసం విధుల నుంచి వదిలిపెడతామన్నట్టు. కనీస వ్యవధి మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. మళ్లీ నమోదు చేసుకుంటే ఇంకో రెండేళ్లు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి మరో రెండేళ్లు కలిపి పదేళ్ల దాకా గడువు ఉంది. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు తీసుకోవచ్చు. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ లేదు.

ఈ సడలింపులు కాగితం మీద చిన్నగా కనిపించినా, ఉద్యోగం, ఇల్లు, పసిబిడ్డ మధ్య పరిశోధన సాగించే మహిళా ఇంజనీర్లకు ఇవి చాలా పెద్దవి. పాత గడువులు వాళ్లను మధ్యలోనే బయటికి నెట్టేవి.

అమెరికాలో

పార్ట్‌టైమ్ ఇంజనీరింగ్ పీజీకి అమెరికాలో పాత చరిత్రే ఉంది. ఫ్రెడరిక్ టెర్మన్ చొరవతో 1954లో స్టాన్‌ఫర్డ్ మొదలుపెట్టిన ఆనర్స్ కోఆపరేటివ్ ప్రోగ్రామ్ చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ కంపెనీల ఇంజనీర్లను తరగతుల్లోకి తెచ్చింది. 1969 నుంచి ఆ పాఠాలు టెలివిజన్ ద్వారా కంపెనీలకే చేరాయి. 1984లో ఏర్పడిన నేషనల్ టెక్నలాజికల్ యూనివర్సిటీ వేర్వేరు యూనివర్సిటీల పాఠాలను ఉపగ్రహం ద్వారా దేశమంతా పంపింది. 2014లో జార్జియా టెక్ ప్రారంభించిన ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ మొత్తం ఫీజు దాదాపు 7,000 డాలర్లు. పేరున్న యూనివర్సిటీ అంత తక్కువ ఖర్చుకు డిగ్రీ ఇవ్వడం అప్పుడు సంచలనమైంది.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఈ చదువుల విషయంలో వీసా నియమాలు కీలకం. ఎఫ్-1 విద్యార్థి పూర్తికాలం చదవాలి, ఆ కోర్సు లెక్కలో సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ కోర్సుకే చోటుంటుంది. అందువల్ల పూర్తి ఆన్‌లైన్ డిగ్రీతో ఎఫ్-1 దొరకదు. హెచ్-1బీ మీద పనిచేసేవారు ఉద్యోగానికి భంగం కలగకుండా పార్ట్‌టైమ్‌లో చదువుకోవచ్చు. వాళ్లతోపాటు హెచ్-4 మీద ఉన్న భార్యకు లేదా భర్తకు చదువు విషయంలో ఆంక్ష లేదు, పూర్తికాలమైనా పార్ట్‌టైమ్ అయినా చేరవచ్చు. మన దేశంలో బీటెక్ చేసి, పెళ్లయి వెళ్లి, ఉద్యోగానికి అనుమతి లేక ఆగిపోయిన అమ్మాయిలు తిరిగి ఇంజనీరింగ్‌లోకి రావడానికి ఈ వెసులుబాటు ఒక దారి.